జీపు వీధిలోకి రాకూడదని

ఒక సంతకం పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? నా సంతకం మామూలు వాళ్ళ సంతకం కంటే కాస్త పొడుగే. జగన్నాధం అని నాలుగక్షరాలు రాసి, చివరి సున్నా దగ్గర్నుంచి ఒక గీత వెనక్కి లాక్కొచ్చి, జ కింద దాకా తెచ్చి రెండు చుక్కలు పెడతాను, మా ఊరి బడిలో మేస్టారు అది సంతకమేనా, రథం ముగ్గా అని అడిగేవాడు, అయినా ఎంత సాగదీసినా పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది. అలాంటి పనికి ఎస్సైగారు నాకు గంట టైమిచ్చి వెళ్ళారు. మూడింటికి వస్తాను పెద్దాయనా, ఈలోపు నిదానంగా చదువుకుని పెట్టేయండి, మీ మేనల్లుణ్ణి అయిదు లోపల కోర్టుకి తీసుకెళ్ళాలి, అని నాకు టీ కూడా చెప్పి మరీ వెళ్ళారు. టీ వచ్చింది, తాగాను, పోలీసు స్టేషన్లో తాగే టీకి పంచదార ఎక్కువ వేస్తారని ఇవాళే తెలిసింది. చిన్నవాడే ఎస్సైగారు, ముప్పై ఉంటాయేమో, మాట మాటకీ అండీ అంటాడు, నేను లేచి నిలబడితే కూర్చోండి కూర్చోండి అంటాడు. అరిచేవాడైతే నేనూ అరుద్దును. ఇలా మర్యాదగా మాట్లాడేవాడి మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక రెండు రోజులుగా నా కడుపులోనే పెట్టుకుని తిరుగుతున్నాను.

కాగితం నా మోకాలి మీద ఉంది. పైన అచ్చులో అరెస్టు మెమో అని ఉంది, కింద గళ్ళు. అరెస్టయిన వ్యక్తి పేరు లక్ష్ముడు, వయస్సు నలభై ఒకటి, వృత్తి వ్యవసాయం. అరెస్టు చేసిన స్థలం రైల్వే స్టేషను ప్లాట్‌ఫారం చివర. తేదీ ఈ రోజుది, గురువారం. సమయం మధ్యాహ్నం పన్నెండూ పది. చేతిలో గోనెసంచి, అందులో పొలం ట్రాన్స్‌ఫార్మరు పగలగొట్టి తీసిన రాగి తీగ ఎనిమిది కేజీలు. సాక్షులు, ఒకటి, దాని పక్కన ఖాళీ, ఆ ఖాళీ నాది. రాసినవాడెవరో గాని ముత్యాల్లా రాశాడు, ఒక్క ఒత్తు తప్పలేదు. అబద్ధాన్ని ఇంత గుండ్రంగా రాయడం నావల్ల కూడా కాదు, నేనెప్పుడూ నోటితో చెప్పి ఊరుకునేవాణ్ణి, కాగితం దాకా రానిచ్చేవాణ్ణి కాదు. ఇవాళ పన్నెండూ పదికి లక్ష్ముడు ప్లాట్‌ఫారం మీద ఎలా ఉంటాడు? పన్నెండూ పదికి వాడు ఆ ఎదురు తలుపు వెనకాల దగ్గుతున్నాడు, నేను ఇదే బల్ల మీద కూర్చుని ఆ దగ్గులు వింటున్నాను. మంగళవారం సాయంత్రం ఆరు గంటల నుంచీ వాడిక్కడే ఉన్నాడు. నాకెలా తెలుసు అంటే వాణ్ణి తెచ్చినవాణ్ణి నేనే. పోలీసులు కారు, జీపు కాదు, నేను, నా పాత టీవీఎస్ బండి వెనకాల కూర్చోబెట్టుకుని, గతుకులొచ్చిన చోట గట్టిగా పట్టుకోరా అని జాగ్రత్తలు చెబుతూ మరీ తెచ్చాను.

మా వైపు ఊళ్ళలో ఒక పద్ధతుంది. ఎవరిమీదైనా పోలీసులకి అనుమానం వస్తే ముందు ఊరి పెద్దమనిషికి కబురు పెడతారు, ఆయన ఆ మనిషిని వెంటబెట్టుకుని స్టేషనుకి తీసుకెళ్ళి ఒప్పజెబుతాడు, జీపు వీధిలోకి రాదు. జీపొస్తే పోయే పరువు ఆ ఒక్క ఇంటిది కాదు, వీధి మొత్తానిది. నలభై ఏళ్ళ కిందట మా పడమటి వీధిలోకి ఒక్కసారి జీపొచ్చింది, ఇప్పటికీ ఆ వీధిలో ఎవరి వయసు అడిగినా జీపొచ్చిన ఏటికి నేను ఇంతవాణ్ణి అని చెబుతారు. అందుకని ఈ నలభై ఏళ్ళలో పదకొండు మందిని నా చేతుల మీదుగా ఒప్పజెప్పాను, ఒక్కసారి కూడా జీపుని రానివ్వలేదు. టీ బడ్డీ దగ్గర చెప్పేటప్పుడు దీన్ని కాస్త పెంచుతాను. ఒకసారి జీపు పొలిమేర దాకా వచ్చేసిందనీ, నేను రోడ్డుకి అడ్డంగా నిలబడి తువ్వాలు దులిపేసరికి డ్రైవరు చెయ్యెయ్యకుండానే గేరు దానంతటదే పడిపోయి, వచ్చిన దారినే వెనక్కి వెనక్కి కోటబొమ్మాళి సంత దాకా పోయిందనీ, సంతలో జనం అదేదో కొత్తరకం ఊరేగింపనుకుని కొబ్బరికాయ కొట్టారనీ చెప్పేవాణ్ణి. నవ్వేవారు. ఇంకోసారి చెప్పు మావా అనేవారు. నేను చెప్పేవాణ్ణి, చెప్పిన ప్రతిసారీ కొబ్బరికాయలు పెరిగేవి. ఆ గొప్ప కొద్దీనే మంగళవారం హెడ్డు కానిస్టేబులు నరసింగరావు ఫోను చేసి, తాతా, మీ లక్ష్ముడితో చిన్న పని పడ్డాది, జీపు పంపిస్తన్నాను, అంటే నాకు ఒళ్ళు మండింది. జీపేటిరా, నాను బతికుండగా జీపేటి, నానే అట్టుకొస్తాను ఉండు, అన్నాను. లక్ష్ముడు ఆనపపాదుకి నీళ్ళు పోస్తున్నాడు. కాళ్ళు కడుక్కుని చొక్కా వేసుకున్నాడు. ఎందుకు మావా, అన్నాడు. ఏటీ లేదురా, పది నిమిషాల పని, ఏదో అడుగుతారట, సెప్పీసి వచ్చీడమే. పొయ్యి మీద అన్నం ఉడుకుతన్నాది, తినీసి వస్తాను మరి, అన్నాడు. వచ్చి తిందువులేరా, అన్నాను.

వచ్చి తిందువులేరా అన్నాను. ఈ మాట రెండు రోజుల్లో ఎన్నిసార్లు నా చెవుల్లో మోగిందో చెప్పలేను, మామూలుగానైతే నేను అంకె పెంచి చెబుతాను గాని దీనికి పెంచక్కర్లేదు.

బుల్లమ్మ గేటు బయట కూర్చుంది. నా చెల్లెలు, లక్ష్ముడి తల్లి. ఒళ్ళో కేరేజీ పెట్టుకుని, మంగళవారం తినని అన్నానికి బదులు బుధవారం అన్నం, బుధవారం తినని అన్నానికి బదులు గురువారం అన్నం తెచ్చుకుంది. లోపలికి రానివ్వలేదు. ఇందాక ఎస్సైగారి జీపు వెళ్ళాక నేను గేటు దాకా వెళితే ఊచల్లోంచి చెయ్యి పెట్టి నా చొక్కా పట్టుకుంది. అన్నియ్యా, ఏ కాయితమైతే ఏటి, ఎట్టీ, ఆడు ముందల బయటికి రానీ. అది చదువుకోలేదు గాని దాని లెక్క సూటిగా ఉంది. సంతకం పెడితే ఇవాళ కోర్టు, రేపో ఎల్లుండో బెయిలు. ఎస్సైగారు కూడా అదే చెప్పారు. పెట్టకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, గ్లాసులో టీ ఊదుకుంటూ, మన సర్కిల్లో ఈ ఏడాది ఆరు ట్రాన్స్‌ఫార్మర్లు పోయాయి పెద్దాయనా, ఇంకా అయిదింటికి మనిషి దొరకలేదు, అని మాత్రం అన్నారు. అంతే అన్నారు. తర్వాత మా ఊళ్ళో వర్షాలెలా ఉన్నాయని అడిగారు.

రాగి తీగట. వాడింట్లో ఉన్నది అల్యూమినియం తీగ. తిత్లీ తుపాను నాడు కరెంటు స్తంభాలన్నీ పడుకుండిపోయాయి, తీగలు పొలాల్లో పాముల్లా పడి ఉన్నాయి, ఊళ్ళో ప్రతివాడూ రెండు బారలు తెచ్చుకున్నాడు, ఒకడు కంచె కట్టాడు, ఒకడు దండెం కట్టాడు, లక్ష్ముడు ఆనపపాదుకి పందిరి కట్టాడు. తెల్ల తీగ. రాగి ఎర్రగా ఉంటుంది. నేను ఈ మాట నిన్న చెప్పాను, తెల్లదీ ఎర్రదీ వేరు కదండీ అని, ఎస్సైగారు రాసుకున్నారు కూడా, రాసుకోవడంలో ఆయనకి ఏ లోటూ లేదు. ఆ తుపాను గురించి నేను చెప్పిన కథే నా పీకకి చుట్టుకుంది. మా కొట్టాం కప్పు ఆ గాలికి ఎగిరి ఒడిశా వెళ్ళిపోయిందనీ, అక్కడ దిగితే ఎవడో దాని కింద కాపురం పెట్టేశాడనీ, ఏడాది తిరిగేలోగా ఆ కప్పు పేరు మీద వాడికి రేషను కార్డు కూడా ఇచ్చేశారనీ, నేను వెళ్ళి అడిగితే కార్డు చూపించి పొమ్మన్నారనీ చెబుతూ ఉంటాను. అది చుట్టుపక్కల పది ఊళ్ళు తిరిగింది. ఇందాక నేను నరసింగరావుతో, మంగళవారం ఆరింటికి నేను వీణ్ణి నీ చేతికే కదా అప్పజెప్పాను, ఆ మాట కోర్టులో చెబుతాను అంటే, వాడు రిజిస్టరులోంచి తలెత్తకుండానే, నీ మాట ఎవుడు నమ్ముతాడు తాతా, కొట్టానికి రేషన్ కార్డు ఇప్పించినోడివి, అన్నాడు. పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాడు. నేనూ నవ్వేశాను, అలవాటు. నవ్వాక నా మీద నాకే అసహ్యం వేసింది. నలభై ఏళ్ళు అబద్ధాలు చెప్పాను, ఒక్కదానివల్ల ఒక్కడికి ముల్లు గుచ్చుకోలేదు. ఇవాళ ఒక్క నిజం చెబుదామంటే దానికి నా నోరు పనికిరాదంటున్నారు.

రూబీ పొద్దున్న ఫోన్లో చెప్పింది. రూబీ అంటే నాతో అయిదో తరగతి చదివిన జ్ఞానానందం మనవరాలు, వాళ్ళది మిషను చర్చి కుటుంబం, ఆ పిల్ల ఎచ్చెర్లలో లా చదివి నల్లకోటు వేసుకుంది. ఏ కోర్టులో పని పడినా మా ఊరివాళ్ళం ఆ పిల్లకే ఫోను చేస్తాం. ముందు ఒకటి చెప్పండి తాతయ్యా, మీరు తీసుకెళ్ళారా, వాళ్ళొచ్చి తీసుకెళ్ళారా, అంది. నేనే తీసుకెళ్ళానమ్మా, జీపు రాకుండా, అన్నాను, మెచ్చుకుంటుందనుకుని. మెచ్చుకోలేదు. నెమ్మదిగా చెప్పింది. పట్టుకున్న మనిషిని ఇరవై నాలుగ్గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, దారిలో పట్టే టైము తప్ప. కాని ఆయన్ని ఎవరూ పట్టుకోలేదు తాతయ్యా, తనంతట తను వచ్చాడు, వచ్చినట్టు కాగితం లేదు, అంచేత ఆ ఇరవై నాలుగ్గంటలు ఇంకా మొదలే కాలేదు. వాళ్ళు ఎప్పుడు రాస్తే అప్పుడు మొదలవుతాయి. అదేటమ్మా, మనిషి లోపలున్నాడు కదా, అన్నాను. లోపలున్నాడని ఎవరు చూశారు, అంది. జీపే వచ్చి ఉంటే వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసేది, నలభై మంది సాక్షులుండేవారు, మీరు ఆ నలభై మందినీ లేకుండా చేశారు.

కోపంతో అనలేదు ఆ పిల్ల. దానికి కోపం ఉన్నా నేను ఓర్చుకుందును. పదకొండు మందిని అలా తెచ్చానే, వాళ్ళందరి లెక్కా ఇలాగే పోయిందా? వెనక్కి వెళ్ళి ఒక్కొక్కణ్ణీ తలుచుకుంటుంటే, ఒకడు నాలుగు రోజులకి ఇంటికొచ్చాడు, వచ్చాక కల్లుపాక వైపు కూడా వెళ్ళలేదు, మనిషి మారిపోయాడురా, బుద్ధి వచ్చింది అని నేనే అందరికీ చెప్పాను. ఇంకొకడు కుడిచెయ్యి భుజం పైకి ఎత్తలేకపోయేవాడు, వాతం అన్నాడు, నేను వాతానికి నూనె చెప్పాను. నాకు తెలీదా? తెలుసు. తెలిసీ తెలీనట్టు నూనె చెప్పాను. జీపు రాలేదు కదా, వీధి బాగుంది కదా, అదే చాలనుకున్నాను.

రూబీ ఇంకా చాలా చెప్పింది. ఈ కేసుకి మూడేళ్ళకి మించి శిక్ష లేదు, ముందు నోటీసిచ్చి పిలవాలి, పిలిస్తే వచ్చేవాణ్ణి ఊరికే అరెస్టు చెయ్యకూడదు, అంది. పిలిస్తే వచ్చాడు కదమ్మా, అదే కదా గొడవ, అన్నాను. స్టేషన్లో వాళ్ళ ముందు ఆయన ఏం ఒప్పుకున్నా అది కోర్టులో చెల్లదు, కాని ఒప్పుకున్నాక ఫలానా చోట తీగ దొరికిందని చూపిస్తే ఆ దొరకడం చెల్లుతుంది, అంది. దొరకడానికే ఎనిమిది కేజీలు తెచ్చి పెట్టారన్నమాట. మీకు అరవై అయిదు దాటాయి, సాక్ష్యం అడగాలంటే మిమ్మల్ని స్టేషనుకి పిలవకూడదు, వాళ్ళే మీ ఇంటికి రావాలి, అంది. ఇంటికొస్తే జీపులోనే కదమ్మా వస్తారు, అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. తాతయ్యా, ఊరివాడో బంధువో ఒకరు సాక్షి సంతకం పెట్టకపోతే అరెస్టు మెమో మెమో కాదు, మీరు చూడనిదాని మీద మాత్రం పెట్టకండి, నేను మధ్యాహ్నం కోర్టు పని అవగానే శ్రీకాకుళంలో బస్సెక్కుతాను, అంది. ఆ తర్వాత ఫోన్లన్నీ నరసింగరావు బల్ల మీది ట్రేలోకి వెళ్ళాయి. నాది ఇందాకట్నుంచి అందులో గింగురుమంటోంది. తీసి మాట్లాడనా అంటే, లోపల మాట్లాడకూడదు తాతా, అన్నాడు. బయటికెళ్ళి మాట్లాడతాను అంటే, కాయితం బయటికెళ్ళకూడదు, అన్నాడు. కాయితం ఇక్కడ పెట్టి వెళతాను అంటే, సారు నిన్ను కూకోమన్నారు కదేటి, అన్నాడు. ఇదంతా తప్పెవరిదో చెప్పలేనంత పద్ధతిగా ఉంటుంది, వేలు పెట్టడానికి ఎక్కడా సందు ఉండదు.

ఎదురు గోడ మీద బోర్డుంది. నీలం రంగు మీద తెల్లక్షరాలు, అరెస్టయిన వ్యక్తి హక్కులు. దాని కుడివైపు సగానికి అడ్డంగా ఇనప బీరువా పెట్టారు, అంచేత ప్రతి హక్కూ సగమే కనిపిస్తోంది. అరెస్టుకు గల కారణాలను వెంటనే, అని ఉంది, వెంటనే ఏటి, మర్చిపోవాలా? తన బంధువుకు గాని స్నేహితునికి గాని, అని ఉంది, ఏటి, పెళ్ళి శుభలేఖ పంపాలా? విచారణ సమయంలో తన న్యాయవాదిని, అని ఉంది, తలుచుకుని దండం పెట్టుకోవచ్చా? ప్రతి నలభై ఎనిమిది గంటలకు ఒకసారి వైద్యుని, అని ఉంది. మిగతా సగాలన్నీ బీరువా వెనకాల గోడకి చెబుతున్నాయి. నిన్న లేచి పక్కనుంచి తొంగి చూడబోతే నరసింగరావు, అక్కడ నిలబడకూడదు తాతా, రికార్డులుంటాయి, అన్నాడు. పోనీ బీరువా ఒక మూర జరపరా, అన్నాను. దానికి పైనుంచి ఆర్డరు రావాలి, అన్నాడు. వాడు వేళాకోళానికి అన్నాడో నిజంగానే అన్నాడో ముఖం చూసి చెప్పలేకపోయాను, ఎదుటివాడి ముఖం చూసి కనిపెట్టడంలో నాకు పేరుంది.

రెండున్నరకి గంగులు వచ్చాడు. స్టేషనుకి ఎదురుగా సైకిలు షాపు వాడిది. మెమోలో రెండో సాక్షి వాడే. ఈ చుట్టుపక్కల ఏ దొంగ దొరికినా ఆ దొరికే చోట గంగులు ఉంటాడు, కోళ్ళ దొంగ దొరికినప్పుడు కోళ్ళగూటి పక్కన ఉన్నాడు, మోటారు దొంగ దొరికినప్పుడు బావి గట్టున ఉన్నాడు, అన్ని దొంగతనాలు కళ్ళారా చూసినవాడు దొంగల్లో కూడా ఉండడు. చేతులకి గ్రీజు ఉంది, కాగితానికి అంటకుండా కలం రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

"ఏటి మావా, ఇంకా సదువుతన్నావా? పరీచ్చేటి?"

"ఒరే గంగులూ, పన్నెండూ పదికి నువ్వు ప్లాట్‌ఫారం మీద ఉన్నావురా?"

"రాసుంటే ఉన్నట్టే కదేటి."

"పన్నెండూ పదికి నువ్వు షాపులో ఎవడి టైరుకో పంచరేస్తన్నావు. నాను ఈ కిటికీలోంచి సూసినాను."

వాడు నవ్వబోయి మానేశాడు. సంతకం పెట్టేసి, కలం నా పక్కన పెట్టి, గొంతు తగ్గించి, "షాపు రోడ్డు మార్జిన్లో ఉన్నాది మావా, తీసీమంటే నానెక్కడికెళ్ళను, నివ్వే సెప్పు," అన్నాడు. వాడు వెళ్ళిపోయాడు. వాడి సంతకం చిన్నది, మూడు లెక్కపెట్టేలోపు అయిపోయింది. వాడి మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు, వాడు షాపు కోసం పెట్టాడు, నేను వీధి పరువు కోసం మనిషినే తెచ్చి పెట్టాను, వాడిదే నయం.

అప్పుడు తలుపు తీశారు. కానిస్టేబుల్ లక్ష్ముణ్ణి వెనక దొడ్డివైపు తీసుకెళ్ళాడు. నేను వాణ్ణి మంగళవారం తర్వాత చూడ్డం అదే. మొఖాన దెబ్బ లేదు, చొక్కా బొత్తాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. నడక మాత్రం వాడిది కాదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా తారురోడ్డు దాటేవాడిలా, అరికాలు పూర్తిగా ఆనకుండా పాదాల అంచుల మీద నడుస్తున్నాడు. ఎండ లోపలికి రాలేదు, అది సిమెంటు గచ్చు, చల్లగా ఉంది. నా ముందునుంచి వెళుతూ ఆగాడు. ఏదైనా అంటాడనుకున్నాను, తెచ్చి పడేశావు కదా మావా అంటాడనుకున్నాను, అంటే బాగుండును.

"మావా, అమ్మ అన్నం తిన్నాదా?" అన్నాడు.

తిన్నదిరా అన్నాను. ఇది కూడా అబద్ధమే. కానిస్టేబుల్ భుజం మీద చెయ్యి వేస్తే వెళ్ళిపోయాడు. నేను తల దించుకుని కాగితం వైపు చూశాను. గాయములు ఏమైనా ఉన్నవా అని ఒక గడి ఉంది, దానికెదురుగా లేవు అని రాసుంది, గుండ్రంగా, ముచ్చటగా. ఇందాక నేనది చదవలేదా? చదివాను, చదివి దాటేశాను. లేవు. ఈ లేవు మీద కూడా నా సంతకమే. పన్నెండూ పది మీదా, ప్లాట్‌ఫారం మీదా, ఎనిమిది కేజీల మీదా, లేవు మీదా. ఈ లేవు కోర్టుకి వెళుతుంది, జడ్జిగారు లక్ష్ముణ్ణి కొట్టారా అని అడుగుతారు, వాడు లేదండి అంటాడు, ఎందుకంటే పక్కనే నిలబడి ఉంటారు, పైగా సొంత మేనమావ లేవని సంతకం పెట్టాక వాడి కాళ్ళ మాట వాడి కాళ్ళే చెప్పుకోవాలి. పెట్టకపోతే మిగతా అయిదు ట్రాన్స్‌ఫార్మర్లు కూడా వాడివే అవుతాయి. పెడితే ఇదొక్కటే. బుల్లమ్మ లెక్క సరైనదే. రూబీ లెక్కా సరైనదే. రెండు సరైన లెక్కల మధ్య నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించారు. ఎందుకిప్పించారు? నరసింగరావు నన్ను ఒరే అన్నా నేను ఊరుకుందునే, గేటు బయట కూర్చోమన్నా కూర్చుందునే, నాకు బల్లా టీ ఎందుకు? గంగులు ఒక్కడి సంతకం చాలదు కాబట్టి. గంగుల్ని చూసీ చూసీ కోర్టుకి విసుగొచ్చింది కాబట్టి. చుట్టం సంతకం కావాలి, ఊరివాడిది కావాలి, పంచె కట్టుకుని తలపండినవాడిది కావాలి. రెండు రోజులుగా నేను వీళ్ళని బతిమాలుతున్నాననుకుంటున్నాను గాని, కాదు, వీళ్ళకే నాతో పని ఉంది. ఇంత చిన్న సంగతి గ్రహించడానికి నాకు రెండు రోజులు పట్టింది, తెలివైనవాణ్ణని చెప్పుకుని తిరిగేవాణ్ణి.

కలం తీసుకున్నాను. సాక్షికి ఇచ్చిన ఖాళీ జానెడు కూడా లేదు, మార్జిన్లోకి తిరిగాను, అది నిండితే అడుగుకి వెళ్ళాను, ఊరివాళ్ళకి అర్జీలు రాసిన చెయ్యి, చిన్న అక్షరాలు వచ్చు, చివర నా సంతకం పెట్టాను.

మూడింటికి చెప్పినట్టే ఎస్సైగారి జీపు వచ్చింది. టోపీ బల్ల మీద పెట్టి, అయిందా పెద్దాయనా, అన్నారు. అయిందండి, అని అందించాను. నిలబడే చదివారు. చదువుతుంటే ఆయన పెదాలు కదిలాయి, నేను రాసింది నాకు వినిపించింది. ఇతన్ని మంగళవారం సాయంత్రం ఆరు గంటలకు నా బండి మీద ఈ స్టేషనుకు తెచ్చి హెడ్డుగారికి ఒప్పజెప్పినవాడిని నేనే. అప్పటినుంచి ఇక్కడే ఉన్నాడు. ప్లాట్‌ఫారం మీద నేను చూడలేదు. రాగి తీగ చూడలేదు. తెచ్చినప్పుడు బాగా నడిచాడు, ఇవాళ సరిగా నడవడం లేదు, అది చూశాను.

"ఇదేంటండి?"

"సాక్ష్యమండి. చూసింది రాశాను."

ఆయన కోప్పడలేదు. కాగితాన్ని సగానికి చింపి, ఆ సగాన్ని మళ్ళీ సగానికి చింపి, బుట్టలో వేసి, నరసింగరావ్, ఇంకో ఫారం నింపించు, అన్నారు. స్టేషన్లో రాతపని చూసే రైటరు మళ్ళీ ముత్యాల్లా రాశాడు, గంగుల్ని మళ్ళీ పిలిచారు, వాడు నా వైపు చూడకుండా మళ్ళీ పెట్టాడు. కాగితం నాకిచ్చారు. నేను మళ్ళీ అదే రాశాను. రెండోసారి ఇంకా బాగా కుదిరింది, ఒక్క మాట పెంచలేదు.

"పెద్దాయనా, మీవాడికి మేలు చేస్తున్నాననుకుంటున్నారు మీరు."

"లేదండి, మేలు మంగళవారమే చేసేశాను. ఇది దాన్ని దిద్దుకోవడం."

"మీ మాట కోర్టులో ఎవరు నమ్ముతారు? మీ సంగతి మాకు తెలుసు, అందరికీ తెలుసు."

"నమ్మరండి. కాని నమ్మనివాళ్ళు కూడా ముందు చదవాలి కదండీ."

ఆయన ఒకసారి కిటికీలోంచి రోడ్డు వైపు చూశారు. తర్వాత గొంతు పెంచి, నాకోసం కాదు, గేటు దాకా వినపడాలని, "అయితే ఇవాళ కోర్టు లేదు," అన్నారు.

"అయితే శుక్రవారం కూడా ఇక్కడే ఉన్నాడని కలుపుతానండి," అన్నాను.

కోర్టు లేదన్న మాటకి బుల్లమ్మ గేటు తోసుకుని వచ్చేసింది. అడ్డు పడ్డ కానిస్టేబుల్ కేరేజీ తగిలి పక్కకి జరిగాడు. నన్ను తిట్టడానికే వచ్చింది, నోరు తెరిచింది కూడా. అదే సమయానికి, కొత్త ఫారం మీద అరెస్టయినవాడి సంతకం కోసం ముందే చెప్పి ఉంచారు కనక, లక్ష్ముణ్ణి బయటికి తెచ్చారు. తలుపు దగ్గర్నుంచి బల్ల దాకా ఎనిమిది అడుగులుంటాయి. వాడు ఆ ఎనిమిది అడుగులూ అలాగే పాదాల అంచుల మీద నడిచి వచ్చాడు. బుల్లమ్మ వాడి మొఖం చూడలేదు. కాళ్ళే చూసింది. తెరిచిన నోరు మూసుకుంది. కేరేజీ నేల మీద పెట్టింది.

"అన్నియ్యా, మంగళారం అని రాసినావా?"

"రాసినాను."

"ఆరు అని రాసినావా?"

"రాసినాను."

"కాళ్ళు?"

"రాసినాను బుల్లమ్మా."

"అయితే దాని కింద నా ఏలు ముద్ర ఎయ్యించు. పొయ్యి మీద అన్నం నాను దించినాను, ఏ ఏళప్పుడు ఎల్లినాడో నాకూ తెలుసు."

ఎస్సైగారు బల్ల మీది కాగితానికి చెయ్యి అడ్డం పెట్టలేదు, దాన్ని తియ్యనూ లేదు. నరసింగరావు తన బల్ల మీది సిరా పెట్టె కేసి చూశాడు, ఎస్సైగారి కేసి చూడలేదు, మూత తీసి, ఒక వేలితో ఆ పెట్టెని బల్ల అంచు దాకా నెట్టాడు. బుల్లమ్మ ఎడమ బొటనవేలు సిరాలో అద్దింది, ఎక్కడెయ్యాలో నేను చూపించాను. ఎస్సైగారు వాచీ చూసుకున్నారు. బుల్లమ్మ వేలు కాగితం మీద ఆనించి, మోచెయ్యి బిగించి, అలాగే నొక్కి పట్టుకుంది. తియ్యమని ఎవరూ అనలేదు. అన్నా తీసేలా లేదు.